ఇంటికీ ఓ మార్కుల కాగితం!

మనవైపు ఇల్లు అమ్మకానికి పెట్టామంటే చూడవచ్చినవాళ్లు ఏమేం అడుగుతారో మనకు తెలియనిది కాదు. లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఈసీ తీశారా, ఇంటి పన్ను రశీదులేవి, బోరు ఎన్ని అడుగులు వేశారు, వీధిపోటు ఏమైనా ఉందా... ఇవన్నీ అయ్యాక వాళ్లతో వచ్చిన పెద్దావిడ వంటింట్లోకి తొంగిచూసి, 'పొయ్యి తూర్పుకే ఉందిలే' అని తృప్తిపడుతుంది. మేనెల మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చోగలమా, కరెంటు బిల్లు నెలకెంత వస్తుంది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువే.

ఇంగ్లండులో ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పాకే ఇల్లు అమ్మకానికి పెట్టాలి. అక్కడ 'ఈపీసీ' అని ఒకటుంది. ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్. ఇల్లు ఎంత ఇంధనం తింటుంది, లోపలి వేడిని ఏపాటి నిలుపుకుంటుంది అని లెక్కగట్టి మార్కులు వేసే కాగితమన్నమాట.

లెస్టర్‌లో మేం పదిహేనేళ్లు కాపురమున్న ఇంటిని 2024లో నేనే దగ్గరుండి అమ్మాను. మావారు 2021లో పోయారు. అమ్మాయి మాంచెస్టర్‌లో స్థిరపడింది. మూడు పడకగదుల ఇల్లు నా ఒక్కదానికి ఎందుకని, దాని దగ్గర్లో చిన్న ఫ్లాట్ చూసుకున్నాను. ఇంటి కాగితాలన్నీ ఆయన చూసుకునేవారు. చలికాలంలో ఏ గది తలుపు ఎప్పుడు మూయాలి, ఏ కిటికీ సందులోంచి గాలి కొడుతుంది... ఇవన్నీ నాకు తెలుసు. ఇల్లు అమ్మేటప్పుడు ఈ రెండు రకాల తెలివిడీ అక్కరకొస్తుందని ఆ కాగితం పుణ్యమా అని తెలిసింది.

ఇప్పుడు మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఒకరింటి కొడుకో, ఒకరింటి కూతురో ఇంగ్లండులో ఉంటున్నారు. రేపు వాళ్లూ ఇల్లు కొంటారు, అమ్ముతారు. అందుకే నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు మీతో పంచుకుందామని.

ఏమిటీ కాగితం?

ఫ్రిజ్ కొనేటప్పుడు దానిమీద నక్షత్రాలు చూస్తాం కదా! ఇదీ అలాంటిదే. కాకపోతే నక్షత్రాలకు బదులు అక్షరాలు. ఆకుపచ్చ రంగు 'ఎ' నుంచి ఎర్ర రంగు 'జి' దాకా ఏడు మెట్లు. పక్కన పాయింట్లు కూడా వేస్తారు. 92, ఆపైన వస్తే ఎ. 81 నుంచి 91 దాకా బి. 69 నుంచి 80 దాకా సి. 55 నుంచి 68 దాకా డి. 39 నుంచి 54 దాకా ఇ. 21 నుంచి 38 దాకా ఎఫ్. ఇక ఇరవయ్యో అంతకన్నా తక్కువో వస్తే జి. పాత ఇళ్లకు డి రావడం చాలా మామూలు. దానికేం చిన్నతనపడక్కర్లేదు.

ఇంగ్లండు, వేల్స్‌లలో ఇది 2007 ఆగస్టులో మొదలైంది. ముందు నాలుగు, అంతకన్నా ఎక్కువ పడకగదులున్న ఇళ్లకు పెట్టి, ఆ ఏడాది చివరికల్లా మిగిలినవాటికీ తెచ్చారు. అప్పట్లో ఇల్లు అమ్మేవాళ్లు 'హోం ఇన్ఫర్మేషన్ ప్యాక్' అని ఓ కట్ట కాగితాలు సిద్ధం చేయాల్సి వచ్చేది. అది బరువైపోయిందని గొడవ రావడంతో 2010 మే నెలలో తీసేశారు. అందులోంచి ఈ ఒక్క కాగితం మాత్రం నిలబడింది.

దీని గడువు పదేళ్లు. మేం ఆ ఇల్లు 2009లో కొన్నప్పుడు పాత యజమాని ఇచ్చినది మా ఫైల్లో ఉంది. కానీ 2019తో దాని కాలం చెల్లిపోయింది. ఇంట్లో ఉన్నంతకాలం కొత్తది తీయించాల్సిన పనిలేదు. అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా మాత్రం తప్పదు. అమ్మకానికి పెట్టేలోపే కనీసం సర్టిఫికెట్‌కు పురమాయించి ఉండాలి. ప్రకటనలో ఆ అక్షరం కనిపించాలి. లేకపోతే 200 పౌండ్ల జరిమానా పడవచ్చు.

అమ్మకానికి ఫలానా అక్షరం రావాలనే నియమం లేదు. జి వచ్చినా అమ్ముకోవచ్చు. అద్దె ఇళ్లకు మాత్రం కొన్ని మినహాయింపులు పోను కనీసం ఇ ఉండాలి. 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకూ, 2020 ఏప్రిల్ నుంచి అంతకుముందున్న అద్దెలకూ ఆ నిబంధన పెట్టారు.

ఇంకో విశేషం చెప్పనా? ఈ సర్టిఫికెట్లన్నీ ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉంటాయి. పోస్ట్‌కోడ్ కొడితే ఎవరైనా చూసుకోవచ్చు. మన ఇంటిదే కాదు, పక్కింటిదీ, ఎదురింటిదీ! అదే వరసలో, అదే కాలంలో కట్టిన ఇళ్లకు ఏం మార్కులు వచ్చాయో చూస్తే మనకెంత రావచ్చో ముందే ఓ అంచనా దొరుకుతుంది. నేనూ అలాగే చూశాను. మా వరసలో చాలావాటికి డి, రెండింటికి సి, ఒకదానికి ఇ ఉంది.

ఎవరిని పిలవాలి?

ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు, 'మీరేం శ్రమపడకండి, మా మనిషిని పంపిస్తాం' అన్నాడు. 110 పౌండ్లట. అమ్మాయి ఊరుకోదుగా! 'అమ్మా, మనమే మాట్లాడుకోవచ్చు' అని రిజిస్టర్‌లో లెస్టర్ చుట్టుపక్కల ఉన్నవాళ్ల పేర్లు తీసింది. ముగ్గురికి ఫోన్ చేస్తే ఒకాయన 65 పౌండ్లకు ఒప్పుకున్నాడు. దీనికి ప్రభుత్వం నిర్ణయించిన రేటంటూ ఏమీ లేదు. ఇంటి సైజు, ఊరు, మనిషిని బట్టి ఉంటుంది. అందుకే నలుగురిని అడగాలి. అయితే వచ్చే మనిషి గుర్తింపు పొందిన 'డొమెస్టిక్ ఎనర్జీ అసెసర్' అయి ఉండాలి. వేరేవాళ్లు రాసిచ్చింది చెల్లదు.

ఒంటరిగా ఉండే ఆడవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వచ్చిన మనిషి ఇల్లంతా తిరుగుతాడు, పడకగదుల్లోకీ వస్తాడు, ఫోటోలు తీస్తాడు. తను రాసింది నిజమేనని తర్వాత ఎవరైనా తనిఖీ చేస్తే చూపడానికి ఆ ఫోటోలు కావాలి మరి. కాబట్టి తలుపు దగ్గరే గుర్తింపు కార్డు అడగండి, రిజిస్టర్‌లోని పేరుతో సరిచూసుకోండి. కావాలంటే ఆ గంటసేపు స్నేహితురాలిని రమ్మనండి. నేను పక్కింటావిడను టీకి పిలిచాను. సాయానికి సాయం, కాలక్షేపానికి కాలక్షేపం!

ముందురోజు చేసుకోవాల్సినవి

పెళ్లిచూపులకు సర్దినట్టు ఇల్లు సర్దక్కర్లేదు. కుషన్ కవర్లు మార్చినంత మాత్రాన ఒక్క మార్కూ పెరగదు. ఆయన చూడాల్సిన చోట్లకు దారి చేసిపెడితే చాలు.

మా ఇంట్లో అటక తలుపు కింద ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు నాలుగు ఒకదానిమీద ఒకటి ఉండేవి. బాయిలర్ ఉన్న అలమరాలో ఆవకాయ జాడీలూ, బియ్యం బస్తా. మన తెలుగిళ్లలో ఇది మామూలే కదండీ! అవన్నీ పక్కకు జరిపాను. అటక ఎక్కలేకపోతే ఆయన అక్కడేముందో చూడలేడు. చూడలేకపోతే మనకే నష్టం.

ఇక రెండోది కాగితాలు. ఇది ఎంత ముఖ్యమో ఆ మర్నాడు తెలిసింది. కిటికీలు మార్పించినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్ (అక్కడ 2002 నుంచి 'ఫెన్సా' అనే సంస్థ పేరుతో ఇస్తుంటారు), బాయిలర్ బిగించినప్పటి కాగితాలు, గోడలకో అటకకో ఇన్సులేషన్ చేయించి ఉంటే ఆ రశీదూ గ్యారంటీ పత్రం... దొరికినవన్నీ ఒకచోట పెట్టుకోవాలి.

మావారికి ఫైళ్ల పిచ్చి. ఏ చిన్న రశీదు వచ్చినా పంచ్ మెషీన్‌తో చిల్లులు పొడిచి, తేదీల వారీగా పెట్టి, పైన తెలుగులో రాసేవారు. 'ఇల్లు - గోడలు, కిటికీలు, బాయిలర్' అని రాసి ఉన్న ఫైలు తీశాను. ఆయన చేతిరాత చూసి రెండు నిమిషాలు అలా కూర్చుండిపోయాను. తర్వాత కళ్లు తుడుచుకుని ఒక్కో కాగితమే తిప్పాను.

ఆ గంటసేపు ఏం చూశారు?

2023 అక్టోబరులో ఒక ఉదయం వచ్చాడాయన. గుజరాతీ అబ్బాయి. లెస్టర్‌లో గుజరాతీలు ఎక్కువే లెండి. దేవుడి గది కనిపించగానే తనే బూట్లు విప్పి, 'ఆంటీ, ముప్పావుగంటలో అయిపోతుంది' అన్నాడు.

ముందు బయటి గోడ చూశాడు. అక్కడి ఇళ్ల గోడలు ముఖ్యంగా రెండు రకాలు. ఇటుకల వరసలో పొడుగు ముఖాలూ, పొట్టి ముఖాలూ కలిసి కనిపిస్తే చాలావరకు అది గట్టి గోడ. అన్నీ పొడుగు ముఖాలే కనిపిస్తే రెండు గోడలు కట్టి మధ్యలో సందు వదిలినది. ఆ సందులోకి ఇన్సులేషన్ ఊదితే వేడి బయటికి పోదు. ఊదడానికి బయటి గోడకు అక్కడక్కడా చిల్లులు పెట్టి మళ్లీ మూసేస్తారు. ఆ మచ్చలు చూసి లోపల నింపారో లేదో అసెసర్లు పోల్చుకుంటారు.

మాది 1930లలో కట్టిన ఇల్లు. ఒకవైపు గోడ పక్కింటితో కలిసి ఉంటుంది. దాన్ని అక్కడ సెమీ డిటాచ్డ్ అంటారు. మా గోడకు మచ్చలేమీ కనిపించలేదు. ఎందుకంటే పైన గరుకు ప్లాస్టరింగ్ చేసి ఉంది.

'నింపారేమో తెలీదు ఆంటీ. గోడకు చిల్లు పెట్టి చూసే పద్ధతి లేదు. ఏ ఆధారమూ లేకపోతే ఆ కాలపు ఇళ్లలో లేనట్టే లెక్క' అన్నాడు.

'ఉంది బాబూ. పాతవాళ్లు చేయించారు' అన్నాను.

'మీ మాట నేను నమ్ముతాను. లెక్క నమ్మదు. నేను చూసిందే రాయాలి. చూడలేనిదానికి కాగితం కావాలి' అన్నాడు నవ్వుతూ.

ఫైలు తెచ్చి ముందు పెట్టాను. పాత యజమాని మావారికి అందజేసిన గ్యారంటీ పత్రం అందులో ఉంది. గోడల సందుల్లో ఇన్సులేషన్ నింపితే అక్కడ 'సీగా' అనే సంస్థ పాతికేళ్ల గ్యారంటీ ఇస్తుంది. పత్రం మీద మా ఇంటి చిరునామా, చేసిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. ఆ అబ్బాయి దానికి ఫోటో తీసుకుని, 'ఈ ఒక్క కాగితానికి ఎనిమిదో తొమ్మిదో పాయింట్లు ఆంటీ!' అన్నాడు. మావారు వినుంటే ఎంత మురిసిపోయేవారో!

తర్వాత గదుల కొలతలు, ఎత్తు. కిటికీలకు రెండు అద్దాలున్నాయా, ఎప్పటివి అని. రెండద్దాల మధ్య ఉండే లోహపు పట్టీ మీద ఒక్కోసారి తయారైన తేదీ ఉంటుందట. బాయిలర్ మోడల్. గదిలో థర్మోస్టాట్ ఉందా, ప్రతి రేడియేటర్‌కూ వేడి తగ్గించే మరగడ ఉందా అని. వాడకంలో లేని పొయ్యి గొట్టం తెరిచి ఉందా, మూసేశారా అని. బల్బులు ఎన్ని, వాటిలో ఎల్ఈడీలు ఎన్ని అని. మా ఇంట్లో మిగిలిపోయిన పాతబల్బులు ఆరింటిని అంతకుముందు వారమే మార్పించాను. చవకగా అయ్యే పని అదొక్కటే!

చివరికి అటక ఎక్కాడు. టేపు పెట్టి కొలిచి, 'వంద మిల్లీమీటర్లే ఉంది' అని పైనుంచి అరిచాడు. ఇప్పటి సిఫార్సు 270 మిల్లీమీటర్లు. అంటే మా ఇంటి నెత్తిమీద దుప్పటి పల్చగా ఉందన్నమాట.

ఇంతకీ ఆయన తివాచీ ఎత్తలేదు, గోడ తవ్వలేదు, ఏదీ విప్పలేదు. కొలిచినవీ, చూసినవీ, ఇంటి వయసూ కలిపి లెక్కలో వేస్తే మార్కులు వస్తాయి. 2025 జూన్ నుంచి ఈ లెక్క పద్ధతిని కొత్తగా మార్చారు. ఇప్పుడు కిటికీలన్నింటినీ విడివిడిగా కొలుస్తారు. కాబట్టి నాకు పట్టిన సమయం కన్నా మీవాళ్లకు కాస్త ఎక్కువ పట్టవచ్చు.

మార్కులు వచ్చాయి!

మూడో రోజు సర్టిఫికెట్ వచ్చింది. 67 పాయింట్లు. డి! ఇంకో రెండు వస్తే సి. పదో తరగతిలో రెండు మార్కులతో ఫస్ట్ క్లాసు పోయిన పిల్లవాడి తల్లిలా అయింది నా పరిస్థితి.

అక్షరం పక్కనే ఇంకో అక్షరం కూడా ఉంటుంది. సూచించిన మార్పులన్నీ చేయిస్తే ఎంతదాకా వెళ్లవచ్చో చెబుతుంది. మాకు బి దాకా అవకాశం ఉందన్నారు. కింద ఆ మార్పుల జాబితా, ఒక్కోదానికి సుమారు ఎంత ఖర్చవుతుంది, ఏడాదికి ఎంత మిగులుతుంది అని ఉంటుంది.

ఇక్కడ రెండు సంగతులు అర్థం చేసుకోవాలి. ఒకటి, ఆ కాగితంలో రాసిన ఖర్చు మన ఇంటి బిల్లు కాదు. ఆ సైజు ఇంట్లో సగటు కుటుంబం ఒక పద్ధతిలో వేడి పెట్టుకుంటే ఎంతవుతుందో వేసిన అంచనా. ఇంధనం ధరలు విపరీతంగా పెరిగిన 2022 చలికాలంలో నేను పగలంతా హాల్లో రేడియేటర్ ఒక్కటే వేసుకుని, పైన శాలువా కప్పుకుని గడిపాను. నా బిల్లు చూసి ఆ ఇల్లు వెచ్చనిదనుకుంటే పొరపాటే! అమ్మేవాళ్ల పొదుపు ఇంటి గొప్పతనం కాదు. అందుకే మనుషుల అలవాట్లతో సంబంధం లేకుండా ఇంటికే మార్కులు వేస్తారు.

రెండు, ఆ పాయింట్లు ముఖ్యంగా ఇంధనం ఖర్చును బట్టి వస్తాయి. అక్కడ గ్యాస్ కన్నా కరెంటు ఖరీదెక్కువ. కాబట్టి మామూలు కరెంటు హీటర్లున్న ఇంటికి గోడలు బాగున్నా మార్కులు తగ్గుతాయి.

ఏది చేయించాలి? ఏది వదిలేయాలి?

జాబితాలో అటక ఇన్సులేషన్, సౌరఫలకాలు, నేల కింద ఇన్సులేషన్ ఉన్నాయి. అమ్మబోయే ఇంటికి వేలకు వేలు పోయడంలో అర్థం లేదు. సౌరఫలకాలు పెట్టాలో వద్దో, ఎలాంటివి పెట్టాలో కొనేవాళ్ల ఇష్టం. పెట్టిన డబ్బంతా ధరలో తిరిగి వస్తుందన్న భరోసా కూడా లేదు.

అటక సంగతి వేరు. ఇద్దరు మనుషులు ఒక్కపూటలో ఉన్నదాని మీద అడ్డంగా మరో పొర పరిచి వెళ్లారు. 500 పౌండ్ల లోపే అయింది. ఇలాంటి పనులు బిగింపుతో సహా చేయిస్తే 2027 మార్చి నెలాఖరు దాకా అక్కడ వ్యాట్ లేదు. పరిచేవాళ్లకు ఒక్కమాట చెప్పండి. కప్పు అంచుల్లో గాలి ఆడే సందులు మూసేయకూడదు. మూస్తే లోపల చెమ్మ చేరుతుంది.

తర్వాత అదే అబ్బాయిని పిలిచి మళ్లీ కొలిపించాను. రెండోసారి కూడా ఫీజు కట్టాలి మరి. సరిగ్గా 69. సి! కొత్తది రాగానే అదే చెల్లుబాటవుతుంది. రెండుసార్లు డబ్బు వద్దనుకుంటే బల్బులు, అటక లాంటి చిన్నవి ముందే చూసుకుని, ఆ తర్వాతే అసెసర్‌ను పిలవడం మేలు.

నేను మార్చిలో అమ్మకానికి పెట్టాలనుకుని అక్టోబరులోనే ఈ పని మొదలుపెట్టడం వల్ల ఇవన్నీ తీరిగ్గా చేసుకోగలిగాను. ఏజెంటు ఫోటోలు తీసే రోజున పిలిస్తే వచ్చిన మార్కులతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇంకోటి కూడా జరిగింది. ఆ చలికాలమంతా నేను ఆ ఇంట్లోనే ఉన్నానుగా! రాత్రి పడుకోబోయే ముందు పెట్టుకున్న వేడి తెల్లవారుజామున లేచేసరికి పడకగదిలో ఇంకా కాస్త మిగిలి ఉండేది. కొనేవాళ్ల కోసమని చేయించిన పని ముందు నాకే పనికొచ్చింది.

కాగితం చెప్పని సంగతి

చూడవచ్చినవాళ్లలో నెల్లూరు వైపు జంట ఒకటి. ఇద్దరూ ఆస్పత్రిలో ఉద్యోగులు. చంకలో ఆరు నెలల పాప. ఇల్లంతా చూసి, సర్టిఫికెట్ చూసి, 'సి ఉంది కదా ఆంటీ, చలికాలం ఇబ్బందేం ఉండదు కదా?' అంది ఆ అమ్మాయి.

నేను ఒక్కక్షణం ఆగాను. ఇల్లు మొత్తానికి సి నిజమే. కానీ మా వంటిల్లు వెనక్కి పెంచి కట్టినది. దానిమీద వాలు కప్పు కాదు, చదును కప్పు. జనవరిలో ఆ గచ్చు మీద మేజోళ్లు లేకుండా నిలబడలేం. మార్కుల కాగితం ఇంటి మొత్తానికి ఒక సంఖ్య ఇస్తుంది. ఏ గది ఎలా ఉంటుందో చెప్పదు. పదిహేనేళ్లు అక్కడ నిలబడి వంట చేసిన మనిషికి అది తెలుసు.

అంతకుముందే అమ్మాయి నాకు పాఠం చెప్పింది. 'చట్టం అడిగింది చూపిస్తున్నాం కదమ్మా. ఆ వంటింటి సంగతి నువ్వెందుకు ఎత్తడం? ధర తగ్గించమంటారు' అని. దాని మాటా తీసిపారేసేది కాదు. ఆ డబ్బుతోనే నేను ఫ్లాట్ కొనుక్కోవాలి. ప్రతి పౌండూ లెక్కే.

కానీ ఆ పాప ఇంకో రెండు నెలల్లో పాకుతుంది. తల్లి వంటచేస్తుంటే పిల్లలు పాకేది వంటింట్లోనే కదా!

'చూడమ్మాయ్, ఇల్లంతా బాగానే ఉంటుంది. ఈ వంటిల్లు మాత్రం చలి. పాపను ఇక్కడ కిందకు దింపాలంటే మందమైన చాప పరుచుకో. వీలున్నప్పుడు ఆ కప్పు మార్పించుకోండి' అన్నాను. మా మూడేళ్ల బిల్లులు కూడా తీసి చూపించాను. నేనొక్కదాన్నే ఉండేదాన్నని, పొదుపుగా వాడానని, వాళ్లకు అంతకన్నా ఎక్కువే వస్తుందని చెప్పాను.

ధర తగ్గించమని అడిగారు. అమ్మాయి అన్నంతా అయింది! అటూ ఇటూ మాట్లాడుకుని రెండువేల పౌండ్లకు సరిపెట్టుకున్నాం. ఏజెంటు మొహం కాస్త మాడ్చుకున్నాడు. కానీ ఆ తర్వాత వాళ్లు వెనక్కి తగ్గలేదు. మధ్యలో సర్వేయర్ వచ్చి చూసినా కొత్తగా బయటపడిందేమీ లేదు. ఇంగ్లండులో బేరం కుదిరాక కూడా నెలల తరబడి నడిచి, చివర్లో తప్పిపోయే అమ్మకాలు ఉంటాయి. మాది తప్పిపోలేదు.

మన సంగతేమిటి?

మనదేశంలో ఇల్లు అమ్మడానికి ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. నివాసాల కోసం 'ఎకో నివాస్ సంహిత' అని కేంద్రం 2018 డిసెంబరులో ఒక నియమావళి తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల కోసం ప్రత్యేకంగా ఓ విధానం ప్రకటించింది. అక్కడ చలి బాధ, మనకు ఎండ బాధ. సూత్రం మాత్రం ఒక్కటే. కప్పు నుంచీ, గోడ నుంచీ వేడి అటూ ఇటూ పోకుండా ఆపాలి. మేడమీద పడమటి గదిలో మే నెలలో ఏసీ ఎంతకీ చల్లబడటం లేదంటే తప్పు ఏసీదే కానక్కర్లేదు. నెత్తిన స్లాబు ఎంత కాగుతోందో చేయిపెట్టి చూడండి. పైన తెల్లటి పూత వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది.

మనకో అలవాటుంది. ఉన్నన్నాళ్లూ కారే పంపును గుడ్డ చుట్టి వాడతాం. ఊడిన గడియకు తాడు కడతాం. అమ్మాలనుకోగానే రంగులేయించి, పంపులు మార్పించి, గడియలు బిగిస్తాం. ఎవరో వచ్చి చూస్తారని! రోజుకు పద్దెనిమిది గంటలు ఆ ఇంట్లో మసిలే ఇల్లాలు ఆ సుఖానికి తగదా? ఇంగ్లండులో అమ్మేటప్పుడు ఈపీసీ కావాలని చట్టం చెబుతోంది. ఉండేటప్పుడు తీయించుకోకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. అక్కడున్న మీ పిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

గుర్తుంచుకోండి!

* అమ్మాలనుకున్న తేదీకి నాలుగైదు నెలల ముందే రిజిస్టర్‌లో మీ ఇంటి పాత సర్టిఫికెట్ ఉందేమో, గడువు ఉందేమో చూసుకోండి. గడువుంటే కొత్తది తప్పనిసరి కాదు. మధ్యలో కిటికీలో బాయిలరో మార్పించి ఉంటే కొత్తది తీయించడమే లాభం.

* ఏజెంటు చెప్పిన రేటుకు వెంటనే తలూపకండి. ఇద్దరు ముగ్గురు అసెసర్లను నేరుగా అడగండి.

* అటక తలుపు, బాయిలర్, మీటర్లు, వేడినీళ్ల ట్యాంకు దగ్గరికి దారి ఉంచండి.

* గోడ లోపల, కప్పు పైన, నేల కింద చేయించిన పనికి రశీదు, గ్యారంటీ పత్రం దాచండి. కంటికి కనిపించని పనికి కాగితమే సాక్షి.

* సర్టిఫికెట్ రాగానే పూర్తిగా చదవండి. గోడ, కప్పు, కిటికీల వివరాలు తప్పుగా పడితే అసెసర్‌కే చెప్పి సరిచేయించుకోండి.

* కొనేవాళ్లయితే అక్షరం ఒక్కటే చూసి ఊరుకోకండి. ఏ గది చలిగా ఉంటుందని ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. అంతకన్నా బాగా తెలిసినవాళ్లు ఉండరు!